ఎదురు నూగు

పోటీకి గంట ముందు బల్ల మీద అరచెయ్యి ఆన్చగానే తెలిసిపోయింది, ఎవరో దాని పచ్చబట్టను ఊడదీసి, ఈ కొసను ఆ కొసకు తిప్పి మళ్లీ బిగించారని.

చెయ్యి తీసి మళ్లీ పెట్టాను. అనుమానం లేదు. పూల్ బల్ల మీద పరిచే ఉన్ని బట్టకు సన్నటి నూగు ఉంటుంది. దువ్విన జుట్టులా అది ఒకే వైపుకు వాలి ఉంటుంది. ఆట మొదలుపెట్టే కొస నుంచి అవతలి కొసకు నిమిరితే చెయ్యి పిల్లి వీపు మీద జారినట్టు జారాలి. ఆ ఆదివారం ఉదయం నా చేతికి గరుకు తగిలింది. ఎదురు నూగు.

మామూలు ఆటగాడికి ఇదొక విషయమే కాదు. కానీ మెల్లగా పోయే బంతి నూగు వాలిన వైపుకు వేలి వెడల్పంత జరుగుతుంది. పడాల్సిన బంతి పడకుండా పోవడానికి వేలి వెడల్పు చాలు. నేను మెల్లగా ఆడేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా ఉన్న పార్లర్లన్నిటిలో తెలిసిన సంగతే అది. సైదమ్మ బంతిని కొట్టదు, పంపిస్తుంది అనేవారు.

అంటే ఇది నన్ను ఓడించడానికి చేసిన పని.

నాకు తెలిసి పార్లర్ తాళం ఉండేది ఒక్క మహేందరన్న దగ్గర. ఆయన పార్లరే అది. స్టిక్కు పట్టుకోవడం నాకు నేర్పింది కూడా ఆయనే.

*

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లో పడుకున్నాయి. బడులు మూతపడ్డాయి. ఎల్.బి.నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బొగ్గు గనుల్లో కూడా పని ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. నా డిగ్రీ పరీక్షలు వాయిదా పడ్డాయి. నేను మాత్రం మన్సూరాబాద్‌లోని మా కిరాయి ఇంటి నుంచి బయల్దేరి, కొత్తపేట పండ్ల మార్కెట్ దాటి, చైతన్యపురి దాటి, రోజూ దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్లి ఆడేదాన్ని.

మా నాన్న అంతయ్య పోచంపల్లిలో మగ్గం వదిలేసి పట్నం వచ్చినవాడు. వచ్చాక ఆయనకు దొరికిన పని పూల్, స్నూకర్ బల్లలకు బట్ట బిగించడం. ఊరంతా కలిపి ఆ పని చేతనైనవాళ్లు నలుగురో ఐదుగురో. చిన్నప్పుడు బట్ట కొస పట్టుకోవడానికి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. ఆ కొస పట్టుకుని నిలబడే నేను ఆటలో పడ్డాను. నాన్న మాత్రం ఒక్క ఆట కూడా చూసి ఎరగడు. బట్ట బిగించి, బ్రష్ కొట్టి, బంతులు బల్ల మీదికి వచ్చేలోగా సంచి సర్దుకుని వెళ్లిపోయేవాడు.

దీపావళి తర్వాత బెంగుళూరులో ఆడవాళ్ల అఖిల భారత పోటీ ఉంది. ప్రయాణం, బస, ప్రవేశం, ఒక మంచి స్టిక్కు, ఆ తర్వాత ఏడాది శిక్షణ అన్నీ భరించడానికి మెయిన్ రోడ్డు మీది చీరల షోరూం యజమాని విజయ్‌కుమార్ ముందుకొచ్చారు. ఒక్క అమ్మాయికే. అది దొరక్కపోతే ఆట మానేసి కొత్తపేటలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదరాలని అమ్మా నేనూ మాట్లాడుకున్నాం. అమ్మ బలవంతం లేదు. ఇంకో దారి లేదు, అంతే.

మహేందరన్న నన్ను వెంటబెట్టుకుని షోరూంకు తీసుకెళ్లాడు. విజయ్‌కుమార్‌ది గుంటూరు వైపు. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా మాట మారలేదు. అద్దాల కౌంటర్ మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి నాది. ఇంకొకటి వనస్థలిపురం క్లబ్బులో ఆడే రమ్యది.

"ఈ అమ్మాయి బాగుంది," అన్నారు, రమ్య ఫోటో మీద వేలు పెట్టి.

"మంచిగనే ఆడతది సార్. గని మా సైదమ్మతోటి నాలుగుసార్లు ఆడితే మూడుసార్లు ఓడింది," అన్నాడు మహేందరన్న.

"నేను కాదన్నానా? ఆట సంగతి నీకు తెలుసు. ఫ్లెక్స్ సంగతి నాకు తెలుసు. ఫ్లెక్స్ మీద ఆట కనపడదయ్యా, మొహం కనపడుద్ది." ఆయన నా వైపు తిరిగారు. గొంతులో ఎగతాళి లేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. "ఏమీ అనుకోకమ్మా. నీకూ మంచి చీర పెడతాను."

"ఆ చీర కట్టుకొని బెంగుళూరు దాక నడిచి పోవాల్నా సార్?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వేశారు. ఆ నవ్వు చల్లారకముందే మహేందరన్న అందుకున్నాడు.

"ఒక్కసారి ఇద్దరినీ ఆడిచ్చి సూడుండ్రి సార్. దసరా ముందటి ఆదివారం, మా పార్లర్ల. సమ్మెకు మీ షాపుల మనిషి లేడు. ఆడపిల్లల ఆటంటే జనం ఊకనే వస్తరు. వచ్చినోళ్లు మీ ముంగటికెల్లే కదా పోవాలె."

వ్యాపారి మొహంలో లెక్క మారింది. "గెలిచిన పిల్ల వెళ్తుంది, సరే. ఫ్లెక్స్ మాత్రం ఈ అమ్మాయితో ఆర్డర్ ఇచ్చేశాను."

మూడు రోజుల్లో ఎల్.బి.నగర్ చౌరస్తాలో ఫ్లెక్స్ లేచింది. పట్టుచీర కట్టుకుని స్టిక్కు పట్టుకున్న రమ్య. స్టిక్కును ఊతకర్ర పట్టుకున్నట్టు పట్టించారు పాపం.

ఇంట్లో ఈ సంగతంతా తమాషాగా చెప్పాలనుకున్నాను. అమ్మ చీరకు ఫాల్ కుడుతూ తల ఎత్తకుండా విన్నది.

"ఫోటో దిగేరోజు జర పౌడర్ రాసుకోవే అంటే ఇన్నవా?"

"పౌడర్ రాస్తే బంతి సక్కగ పోతదా అమ్మా?"

"బంతి సంగతి నాకేం ఎర్క? చీరలాయనకు నచ్చుతుంటివి."

నాన్న అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగింది.

"ఫోటో పక్కకు పెట్టిండా?"

"పెట్టిండు నాయినా."

"సూడకుండనా, సూసినంకనా?"

"సూసినంకనే."

నాన్న కంచంలో అన్నం అలాగే వదిలి, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

పోటీకి ముందురోజు, శనివారం, రాస్తారోకో అని దిల్‌సుఖ్‌నగర్ మొత్తం మూసేశారు. పార్లర్ కూడా మూశారు. నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ పెళ్లివాళ్ల చీరల పనిలో ఉంది. నాన్న వంటావార్పు దగ్గర ఉల్లిగడ్డలు కోసేవాళ్లు తక్కువయ్యారని చెప్పి పొద్దున్నే వెళ్లి, పొద్దు గుంకేవేళకు వచ్చాడు.

*

ఆదివారం అందరికంటే ముందు రమ్య వచ్చింది. మెట్ల కింద స్కూటీ ఆపి, స్టిక్కు సంచి భుజాన వేసుకుని, ఒక్కతే వచ్చింది. తెల్లటి మనిషి, చక్కటి కళ్లు. ఫ్లెక్స్ మీద కన్నా ఎదురుగా ఇంకా బాగుంది.

చెప్పాలా వద్దా అని నేను కొట్టుమిట్టాడింది ఎంతసేపో నాకు తెలియదు. ఆమె సంచి విప్పేలోగా చెయ్యి పట్టుకుని బల్ల మీద పెట్టాను.

"ఇటుకెల్లి అటు నిమురు. ఇప్పుడు అటుకెల్లి ఇటు."

"గరుగ్గా ఉందే. తిరగేసి వేశారా?"

"నిన్నో మొన్నో ఎవరో తిప్పిండ్రు. నీకు గూడ తెల్వాలని చెప్తున్న."

"ఎవరు?"

"మహేందరన్నే అయుంటడు. చీరలాయన చెప్తే ఎవరితోనో చేపిచ్చిండేమో."

"నన్ను గెలిపించడానికా?" రమ్య మొహం ఎర్రబడింది. "నేను గట్టిగా కొడతాను కదా, ఈ నూగు నన్నేమీ చెయ్యదు. దెబ్బంతా నీకే. ఆపేయిద్దాం. నేనే చెబుతాను."

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. బట్ట తిప్పి వెయ్యాలంటే ఒక పూట పడుతుంది. రెండో బల్ల వానకు తడిసి ఉబ్బిపోయి ఉంది. ఆపమంటే ఆపుతారు. కానీ మళ్లీ పెట్టరు. ఫ్లెక్స్ ఉండనే ఉంది.

"ఇయ్యాలైతే ఆడదాం," అన్నాను.

రమ్య స్టిక్కు సంచి విప్పింది. "ఆ ఫ్లెక్స్ నేను అడగలేదు సైదమ్మా. అది కట్టినప్పట్నుంచీ మా కాలనీలో ఒక్కడు కూడా నేను ఆడతానంటే నమ్మట్లేదు. మోడలింగ్ చేస్తున్నావా అని అడుగుతున్నారు."

జనం నిండిపోయారు. విజయ్‌కుమార్ ముందు కుర్చీలో కూర్చున్నారు. బంతులు ఒకటి నుంచి వరసగా కొట్టుకుంటూ పోవాలి, తొమ్మిదో నంబరు ఎవరు వేస్తే వాళ్లది ఆ ఆట. అలాంటి ఆటలు ఏడు ముందుగా గెలిచినవాళ్లది పోటీ.

మొదటి మూడు ఆటలు నేను ఓడిపోయాను. నా బంతులు పాకెట్ అంచు దాకా వెళ్లి, ఎవరో చెవిలో ఏదో చెప్పినట్టు పక్కకు తొలిగాయి. రమ్య బంతులు తుపాకీలోంచి వచ్చినట్టు నేరుగా వెళ్లి పడ్డాయి. గోడకున్న పలక మీద సుద్దగీతలు గీస్తూ మహేందరన్న దగ్గరికి వచ్చాడు.

"ఏమైందే సైదా? ఇయ్యాల నీ చెయ్యి నీది గాదా?"

"నీకే తెల్వాలె అన్నా."

ఆయన అయోమయంగా చూశాడు. ఎంత బాగా నటిస్తున్నాడో అనుకున్నాను.

నాలుగో ఆటకు ముందు నేను స్టిక్కు గోడకు ఆనించి, బల్ల దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని, రెండు అరచేతులతో ఆ కొస నుంచి ఈ కొస దాకా నిమిరాను. "బల్లకు దండం పెడుతుందిరో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. ఇది నాకు తెలిసిన బట్ట. ఎవరు తిప్పినా బట్ట బట్టే. అది ఎటు లాగుతుందో తెలిస్తే, అంత పక్కకు గురి పెట్టడమే కదా.

ఆ ఆట గెలిచాను. తర్వాతిది కూడా. రమ్య వదల్లేదు. ఆమె ఐదు, నేను మూడు. ఐదు ఐదు. ఆరు ఆరు. అప్పుడు కరెంటు పోయింది.

"జనరేటర్ లేదా మహేందర్?" అన్నారు విజయ్‌కుమార్.

"సమ్మెల డీజిల్ ఎవడిస్తడు సార్?"

కిటికీల పరదాలన్నీ లాగేశారు. పగటి వెలుగు బల్ల మీద పడింది. చివరి ఆట. తొమ్మిదో నంబరు ఒక్కటే మిగిలింది. వంతు రమ్యది. గట్టిగా కొడితే వెనకే తెల్ల బంతి కూడా పాకెట్లో పడి తప్పయ్యే కోణం అది. మెల్లగా పంపాలి. ఆమె నా వైపు ఒకసారి చూసి, నూగు లాగుడుకు కొంచెం పక్కకు గురి పెట్టింది. ఇంకొంచెం పెట్టాల్సింది. బంతి పాకెట్ మూలకు తగిలి, బల్ల అంచు వెంబడి అవతలికి దొర్లి ఆగింది.

నాకు మిగిలింది బల్ల అడ్డంగా మధ్య పాకెట్‌కు పంపడం. నేను పాకెట్‌ను చూడలేదు. దాని పక్కన, వేలి వెడల్పు అవతల, చెక్క మీద ఒక చోటు చూసుకున్నాను. బంతిని అక్కడికి పంపాను. అది సగం దారి నేరుగా వెళ్లి, వేగం తగ్గాక మెల్లగా వంగి, చప్పుడు కూడా లేకుండా పడిపోయింది.

ముందు చప్పట్లు కొట్టింది రమ్య.

విజయ్‌కుమార్ లేచి వచ్చారు. "ఏమ్మా, నువ్వు పాకెట్‌కి గురి పెట్టలేదు. పక్కకి పెట్టావు. నేను చూశాను."

"అవును సార్."

"మరి ఎట్లా పడింది?"

"బట్ట అట్లున్నది సార్. బట్టల సంగతి మీకు నేను చెప్పాల్నా?"

ఆయన బల్ల మీద అరచెయ్యి ఆన్చారు. ఇరవై ఏళ్లు పట్టును తడిమి నాణ్యం చెప్పిన చెయ్యి అది. అటు నిమిరారు. ఇటు నిమిరారు. వంగి మళ్లీ అటు నిమిరారు.

"బెంగుళూరు నువ్వు వెళ్తున్నావు," అన్నారు.

*

"ఇప్పుడు నా ఫ్లెక్స్ తీసేయండి అంకుల్. ఓడిపోయినదాని బొమ్మ ఎందుకు?" అని రమ్య అక్కడే అడిగేసింది. తీసేశారు. నా మొహం మాత్రం వేయించలేదు. వ్యాపారి మధ్యేమార్గం ఒకటి కనిపెట్టారు. బల్ల మీద స్టిక్కు పట్టుకున్న నా రెండు చేతులు, వాటి వెనక జారుతున్న ఇక్కత్ చీర కొంగు. మొహం లేదు.

కొత్తపేటలో ఆ ఫ్లెక్స్ కింద అమ్మ పావుగంట నిలబడింది. "ఆ చేతులు మా సైదయి," అని దారిన పోయేవాళ్లకు చెప్పింది. ఒకాయన "ఎవరి చేతులైతే ఏందమ్మా, జరుగు," అంటే, "నీ బిడ్డ చేతులు గింత పెద్దగ ఎవరన్న ఏసిండ్రా?" అని తగులుకుంది.

కోపం రాలేదా అని తర్వాత చాలామంది అడిగారు. వచ్చింది. కానీ ఆ మనిషి జనంలో వంగి, తన చేత్తో తడిమి చూసి, మొహమే కనపడుద్దన్న తన మాట తానే మార్చుకున్నాడు. నన్ను అంత నిజాయితీగా ఎంచినవాళ్లు ఆ తర్వాత కూడా నాకు ఎక్కువమంది తగల్లేదు. ఆ చేతుల ఫ్లెక్స్‌కు నేను ఈరోజుకూ రుణపడి ఉన్నాను. రమ్యకు ఇంకా ఎక్కువ. బస్సులు తిరగని ఆ రోజుల్లో, నేను మహేందరన్న పార్లర్ గడప తొక్కనని మొండికేస్తే, పొద్దున్నే స్కూటీ మీద వచ్చి నన్ను వనస్థలిపురం క్లబ్బుకు తీసుకెళ్లేది. తన బల్ల మీద, తన స్టిక్కుతో, నా చేత ప్రాక్టీసు చేయించింది.

మహేందరన్నతో నేను మాట మానేశాను. రెండుసార్లు కబురు పంపాడు. పోలేదు.

సమ్మె ఆగి బస్సులు రోడ్డెక్కాక ఒక ఉదయం ఆయనే ఇంటికి వచ్చాడు.

"అంతన్నా, పెద్ద బల్ల బట్ట ఏందో తేడా కొడుతున్నది. గిరాకీలంత పరేషాన్ జేస్తున్నరు. జర వచ్చి సూడరాదే."

నేను లోపలి నుంచే అందుకున్నాను. "చేసినోనివి నువ్వే అడుగుతున్నవా అన్నా?"

"ఏం చేసిన?"

"చీరలాయన కోసం బట్ట తిప్పలేదా? నన్ను ఓడగొట్టనీకి?"

కొట్టినా మహేందరన్న అంత బాధపడి ఉండేవాడు కాదు. "నిన్నా? నువ్వు స్టిక్కు ఎత్తు గూడ లేనప్పుడు స్టూలేసి నేర్పినోన్ని... నిన్ను నేను ఓడగొడతనా?"

నాన్న పనిసంచి భుజాన వేసుకుని లేచాడు. మహేందరన్న మోసం నాన్న కళ్ల ముందే బయటపెడదామని నేను కూడా వెంట నడిచాను.

పార్లర్లో మహేందరన్న చాయ్ తేవడానికి కిందికి దిగాడు. నేను బల్ల కిందికి దూరాను. పట్నంలో మిగతావాళ్లు బట్టను పిన్నుల గన్‌తో టకటకా కొట్టిపారేస్తారు. ఇక్కడ గన్ పిన్ను ఒక్కటి లేదు. చిన్న చిన్న మేకులు, నాలుగు వేళ్ల ఎడంతో, గీత గీసినట్టు. మూల పాకెట్ దగ్గర బట్ట మూడు మడతలు, మూడూ ఎడమకే. చీర కుచ్చిళ్లంత చక్కగా. ఇలా మడిచే మనిషి ఈ ఊళ్లో ఒక్కడే.

మెల్లగా బయటికి వచ్చాను. నాన్న సుత్తి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు.

"నాయినా?"

ఆయన గోడవారన బెంచీ మీద కూర్చున్నాడు. సుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనే బిడ్డా. శనివారం నేను వంటావార్పు కాడికి పోలే. మహేందర్ బందు రోజు తాళం కింద చాయ్ హోటల్ల ఇచ్చి పోతడు. బల్ల సదిరేది ఉన్నదంటే నాకిచ్చిండ్రు. ఆ చీరలాయన నీ ఫోటో సూసి పక్కకు పెట్టిండంటివి సూడు, అది నాకు అన్నం కాడ తగిలింది. ఆ మొహం నాది. నువ్వు అచ్చం నా పోలికనే వస్తివి. మీ అమ్మ పోలికొస్తే నీకీ తిప్పలు లేకపోవు. ఇంగ ఆ పిల్ల మొహంతోటి గెలుస్తుంటే, నా బిడ్డకు నేనిచ్చినదేమున్నదని సూస్కున్న. బట్ట ఒక్కటే ఉన్నది. బట్ట తిప్పితే నీ చేతికి ఎర్కైతది, ఆ పిల్లకు గాదు, అనుకున్న. నాకు బట్ట తెలుసు గని ఆట తెల్వదు బిడ్డా. మెల్లగ ఆడేటోళ్లకే అది అడ్డం పడుతదని నాకు యాడ ఎర్క? ఆదివారం నేను మెట్ల మీద జనం ఎనుక నిలబడ్డ. ఎన్నడు సూడనోన్ని, ఆ రోజే వస్తి. మూడు ఆటలు నువ్వు ఓడంగనే నేను చేసిన తప్పు ఎర్కైంది. లోపలికొచ్చి చెప్పేద్దామనుకున్న. చెప్తే నీ పేరు కరాబైతదని నోరు మూసుకున్న. పాపం మహేందర్‌ను అనుమానిస్తుంటే గూడ మూసుకున్న. గది ఇంకా పెద్ద తప్పు. ఆయన పైకి రాంగనే నేనే చెప్త. ఆ రమ్య ఇంటికి గూడ పోయి ఆమె ముంగట ఒప్పుకుంట. నువ్వు మాత్రం ఒక్కటి యాదుంచుకో బిడ్డా. నా మూలంగ నువ్వు గెల్వలే. నేను అడ్డం పడ్డా గెలిచినవ్."